ఆల్బమ్ కవర్‌కీ పోస్టర్‌కీ పోలిక ఎలా కుదరాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కవర్ ఆర్ట్ పూర్తయి పోస్టర్ పని మొదలయ్యే దగ్గర అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని పని జరిగే వరసలో ఇక్కడ చేర్చాం. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కవర్‌నే పెద్దది చేసి పోస్టర్‌గా వేసేస్తే సరిపోదా?

కొన్ని కవర్లకి సరిపోతుంది. ఒకే బొమ్మ, చుట్టూ ఖాళీ, రెండు మాటల పేరు ఉన్న కవర్ ఎంత పెద్దది చేసినా నిలబడుతుంది. కానీ చాలా కవర్లు చేతిలో పట్టుకుని చూడటానికి గీసినవి. ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కవర్ 12 అంగుళాల పైచిలుకు చదరం, సీడీ బుక్‌లెట్ 120 మిల్లీమీటర్ల చదరం. వాటిని అడుగు, అడుగున్నర దూరంలో పెట్టుకుని పాట వింటూ తీరిగ్గా చూస్తాం. పోస్టర్‌ని మాత్రం మూడు మీటర్ల అవతల నుంచి, చాలాసార్లు నడుస్తూనే చూస్తాం. చేతిలో ముచ్చటగా కనిపించిన సన్న గీతలు, మూలనున్న చిన్న బొమ్మలు గోడ మీద కంటికి ఆనవు. పెద్దది చేస్తే ఆ గీతలూ పెరుగుతాయి, నిజమే. అయితే చూసే దూరం అంతకంటే ఎక్కువ పెరుగుతుంది, చూసే సమయం బాగా తగ్గుతుంది. ఆకారం మారి చదరం కాస్తా నిలువవుతుంది కూడా. అందుకే కవర్‌ని చూసి పోస్టర్‌ని మళ్లీ కూర్చుకోవాలి.

కవర్‌లో ఉన్నవాటిలో పోస్టర్‌లోకి తప్పకుండా రావాల్సింది ఏది?

ఒక్క ఆనవాలు. అది బొమ్మ ఆకారం కావచ్చు, రంగుల జోడీ కావచ్చు, అక్షరాల తీరు కావచ్చు, ఖాళీ ఎక్కడ వదిలారన్నది కావచ్చు, కాగితం మీది గరుకుదనం కూడా కావచ్చు. అన్నదమ్ముల్ని చూడండి. ఒకరి ముక్కో నవ్వో రెండోవారిలో కనిపిస్తే చాలు, ఒకే ఇంటివాళ్లని తెలిసిపోతుంది. కవర్, పోస్టర్ మధ్య ఉండాల్సింది ఆ పోలిక.

ఆనవాలు ఏదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కవర్‌ని 64 పిక్సెళ్ల చదరానికి కుదించి, ఒక్క క్షణం చూసి కళ్లు మూసుకోండి. మనసులో ఏది మిగిలిందో అదే ఆనవాలు. అయిదుగురికి విడివిడిగా చూపించి ఒక్క మాటలో చెప్పమనండి. నలుగురు "ఎర్ర గుండ్రం" అంటే పోస్టర్‌లో ఆ ఎర్ర గుండ్రం ఉండి తీరాలి, మిగతావి మీ ఇష్టం. అయిదుగురూ అయిదు రకాలుగా చెబితే కవర్‌లోనే పట్టు లేదని అర్థం. అప్పుడు ఒక రంగునో అక్షరాల తీరునో మీరే ఎంచుకుని, ఆల్బమ్‌కి చేసే ప్రతి పోస్టర్‌లోనూ దాన్ని వదలకుండా వాడాలి.

కవర్ మీది బొమ్మే లేకుండా పోస్టర్ చేయొచ్చా? జనం గుర్తుపడతారా?

చేయొచ్చు, గుర్తుపడతారు కూడా. బాబ్ డిలన్ గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ 1967లో వచ్చింది. కవర్ మీద రోలాండ్ షెర్మన్ తీసిన ఫొటో ఉంటుంది: పక్కకి తిరిగిన ముఖం, వెనకనుంచి పడే వెలుతురులో మెరిసే చెదిరిన జుట్టు. లోపల మడిచి పెట్టిన పోస్టర్ మిల్టన్ గ్లేజర్ గీసింది. అందులో ఫొటో లేదు. ముఖం నల్లటి నీడలా ఒట్టి అంచుగీతతో ఉంటుంది, జుట్టు మాత్రం రంగురంగుల పాయలుగా సుడులు తిరుగుతుంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి పక్కకి తిరిగిన తల, ఆ జుట్టు. కవర్ ఫొటోలో వెలుతురు చేసిన పని పోస్టర్‌లో రంగులు చేశాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి, ఒకే ఆల్బమ్ అని చెప్పడానికి ఇంకేం అక్కర్లేదు.

ఇంకో దారి కవర్‌కి పూర్తి ఎదురుగా వెళ్లడం. జనం వైట్ ఆల్బమ్ అని పిలుచుకునే 1968 నాటి బీటిల్స్ ఆల్బమ్‌ని రిచర్డ్ హామిల్టన్ రూపొందించాడు. కవర్ తెల్లగా ఖాళీ, బృందం పేరు ఉబ్బెత్తుగా అచ్చొత్తారు, పక్కన వరస సంఖ్య. లోపలి పోస్టర్ తెరిస్తే ఒకదాని మీద ఒకటి అతికించినట్టు కిక్కిరిసిన ఫొటోలు. కవర్ మౌనంగా ఉంటుంది కాబట్టే పోస్టర్ అంత సందడి చేసినా చెల్లింది. ఈ దారి పట్టాలంటే కవర్‌కి ముందు అంత గట్టి స్వభావం ఉండాలి. సాదాసీదా కవర్‌కి ఎదురు వెళ్తే రెండూ వేరే ఆల్బమ్‌ల్లా కనిపిస్తాయి.

ముందు కవర్ చేయాలా, పోస్టర్ చేయాలా?

మామూలుగా కవరే ముందు. అయితే రెండింటికీ ఫొటో తీయడం, బొమ్మ గీయడం ఒకేసారి అనుకుంటే పని చాలా తేలికవుతుంది. ఫొటో తీసేటప్పుడే మనిషి తలపైన, కాళ్లకింద ఖాళీ వదిలి నిలువుగా కొన్ని తీయించండి. తర్వాత చదరంగా కత్తిరించుకోవచ్చు. చదరంగా తీసినదాన్ని నిలువుగా పెంచడమే కష్టం.

పోస్టర్ నుంచి గుర్తు పుట్టిన సందర్భాలూ ఉన్నాయి. రోలింగ్ స్టోన్స్ బృందం 1970లో యూరప్ పర్యటన పోస్టర్ కోసం జాన్ పాష్ అనే కళా విద్యార్థిని పిలిచింది. ఆ పరిచయంతోనే అతను నాలుక, పెదవుల గుర్తు గీశాడు. 1971 ఆల్బమ్ నుంచి ఆ బృందానికి అదే ముఖమైంది.

కవర్ డిజైనర్ దగ్గర నుంచి ఏమేం తీసుకోవాలి?

లేయర్లు (బొమ్మ, అక్షరాలు విడివిడిగా ఉండే పొరలు) విప్పి ఉన్న అసలు ఫైల్, కత్తిరించని పూర్తి ఫొటో లేదా బొమ్మ స్కాన్, పేరు రాసిన అక్షరాల వెక్టర్ ఫైల్ (ఎంత పెద్దది చేసినా అంచులు చెదరనిది), వాడిన ఫాంట్ల పేర్లు, రంగుల విలువలు. చదును చేసిన జేపెగ్ ఒక్కటే ఇస్తే బొమ్మ మీంచి అక్షరాల్ని తీసి మరోచోట పెట్టలేరు. ఆ ఒక్క కారణంతో పోస్టర్లు కవర్‌కి నకళ్లుగా మిగిలిపోతుంటాయి. కవర్ పని అప్పగించే రోజునే ఈ జాబితా ఒప్పందంలో రాసుకోండి.

## చదరాన్ని నిలువు చేసేటప్పుడు

చదరపు కవర్‌ని నిలువు పోస్టర్‌లో ఎలా ఇమడ్చాలి?

మూడు దారులున్నాయి. ముందు లెక్క చూడండి. 24×36 అంగుళాల పోస్టర్‌లో కవర్‌ని వెడల్పంతా పరిస్తే 24×12 అంగుళాలు, అంటే మూడో వంతు ఖాళీగా మిగులుతుంది. ఏ2 సైజు 420×594 మిల్లీమీటర్లు, అందులో 174 మిల్లీమీటర్ల పట్టీ మిగులుతుంది.

మొదటి దారి, ఆ మిగిలిన పట్టీని అక్షరాలకి ఇవ్వడం. పట్టీ రంగు కవర్‌లోని రంగుల్లోంచే తీసుకోవాలి, అదీ బొమ్మ అడుగంచున ఎక్కువగా ఉన్న రంగు అయితే కంటికి అడ్డుగీత పడినట్టు ఉండదు.

రెండోది, బొమ్మని నిలువుకి సరిపడా కత్తిరించడం. 24×36కి అయితే కవర్ వెడల్పులో మూడో వంతు పోతుంది, ఏ2, ఏ3 లాంటి సైజులకి 29 శాతం పోతుంది. మధ్యలో ఒకే ఆకారం ఉంటే పర్వాలేదు. నలుగురు సభ్యులు వరసగా నిలబడి ఉంటే చివరివాళ్ల భుజాలు తెగుతాయి, ఇద్దరూ అలుగుతారు.

మూడోది, బొమ్మని పైకో కిందికో పొడిగించడం. ఆకాశం, గోడ, నీళ్లు, చీకటి లాంటివి వెనక ఉంటే ఇదే అన్నిటికంటే అందంగా వస్తుంది. పొడిగించిన భాగాన్ని పైనా కిందా సమానంగా పంచకండి. కవర్‌లో బొమ్మ నడిమధ్యన ఉంటుంది, పోస్టర్‌లో అది కాస్త పైకి జరిగితేనే నిలబడినట్టు ఉంటుంది. మిగిలే ఖాళీలో మూడింట రెండు వంతులు కిందికి ఇచ్చి చూడండి.

బ్యాక్‌గ్రౌండ్ పొడిగించాను, అతుకు తెలిసిపోతోంది. ఎందుకు?

చాలావరకు ఫొటో గరుకుదనం వల్ల. అసలు ఫొటోలో సన్నటి ఇసుక లాంటి చుక్కలు (గ్రెయిన్) ఉంటాయి, పొడిగించిన భాగం అద్దంలా నున్నగా ఉంటుంది. స్క్రీన్ మీద తెలియదు, అచ్చులో మాత్రం రెండు వేర్వేరు కాగితాలు అతికించినట్టు ఉంటుంది. పొడిగించిన భాగం మీద అదే మోతాదు గ్రెయిన్ వేయండి. ఇంకా మంచిది, అసలు ఫొటోలోని గ్రెయిన్ ముందు తగ్గించి, చివర్లో పోస్టర్ మొత్తం మీద ఒకేసారి కొత్త గ్రెయిన్ వేయడం.

రెండో కారణం, ఆకాశం లాంటి చోట్ల రంగు మెట్లుమెట్లుగా విడిపోవడం. కవర్‌లో 3 అంగుళాల్లో లేత నీలం నుంచి ముదురు నీలానికి మారే రంగుని పోస్టర్‌లో 15 అంగుళాలకి సాగదీస్తే మధ్యలో ఛాయలు చాలవు, పట్టీలు పడతాయి. ఫైల్‌ని 16 బిట్‌లో (ఎక్కువ ఛాయలు పట్టే అమరికలో) పెట్టి ఆ రంగు మార్పుని కొత్తగా గీసి, పైన కొద్దిగా గ్రెయిన్ చల్లితే పోతుంది.

మూడోది, ఒకే మేఘాన్ని రెండుసార్లు క్లోన్ చేయడం, అంటే నకలు తీసి అతికించడం. మనిషి కన్ను ఇట్టే పట్టేస్తుంది.

కవర్ చుట్టూ తెల్ల అంచు వదిలి మధ్యలో పెడితే పని ఎగ్గొట్టినట్టు కనిపించదా?

అంచు కావాలని వదిలినట్టు ఉంటే కనిపించదు. ఏ2 కాగితంలో కవర్‌ని 300 మిల్లీమీటర్ల చదరంగా, ఇరుపక్కలా పైనా 60 మిల్లీమీటర్ల చొప్పున వదిలి పెడితే కింద 234 మిల్లీమీటర్లు మిగులుతాయి. పేరు, తేదీ, పాటల జాబితా అక్కడికి వస్తాయి. ఇబ్బందల్లా 10, 15 మిల్లీమీటర్ల బిక్కుబిక్కుమనే అంచుతోనే. అది చూసినవాళ్లకి ప్రెస్‌లో ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది. వదిలితే ధారాళంగా వదలండి, లేదంటే అంచుదాకా బొమ్మ పరవండి.

## అక్షరాలు

కవర్ మీద పేరే లేదు. పోస్టర్ మీద పెడితే ఆ అందం పోదా?

పెట్టాల్సిందే. దుకాణంలోనో యాప్‌లోనో కవర్ పక్కన పేరు వేరే చోట రాసి ఉంటుంది, గోడ మీద పోస్టర్ పక్కన చెప్పేవాళ్లెవరూ ఉండరు. అందం పోకుండా ఉండాలంటే అక్షరాల్ని బొమ్మ మీదికి ఎక్కించకుండా, కవర్‌లో లేని అదనపు జాగాలో, అంచున ఒకే వరసలో పెట్టండి. బొమ్మ కవర్‌లో ఉన్నట్టే ఉంటుంది, పేరు పటం కింద రాసిన చీటీలా పనిచేస్తుంది.

కవర్ మీద వాడిన ఫాంటే పోస్టర్ అంతా వాడాలా?

బృందం పేరు, ఆల్బమ్ పేరు వరకు కవర్ మీద ఎలా ఉన్నాయో అలాగే, గీతతో సహా తీసుకోండి. వేరే ఫాంట్‌లో టైప్ చేస్తే పోలిక అక్కడే తెగిపోతుంది. తేదీ, చోటు, పాటల పేర్లకి మాత్రం శుభ్రమైన సాదా ఫాంట్ ఒకటి చాలు. చేత్తో రాసిన అలంకారపు అక్షరాల్లో పన్నెండు పాటల పేర్లు పెడితే ఎవరూ చదవరు.

అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలి?

మూడు మీటర్ల దూరానికి అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా చదవొచ్చు. దూరం రెట్టింపైతే ఎత్తూ రెట్టింపు. ఇంట్లోనే చూసుకోవాలంటే ఏ2 పోస్టర్‌ని ఏ4 మీద ప్రింట్ తీయండి. ఏ4 పొడవు, వెడల్పు ఏ2లో సరిగ్గా సగం, కాబట్టి ఏ4ని మీటరున్నర దూరంలో గోడకి అంటిస్తే ఏ2ని మూడు మీటర్ల నుంచి చూసినట్టే. ఆ దూరం నుంచి బృందం పేరు, ఆల్బమ్ పేరు, తేదీ ఈ మూడూ అందాలి. మిగతావి దగ్గరికి వచ్చినవాళ్లకి.

పేరు తెలుగులో రాస్తుంటే వత్తులు తెగుతున్నాయి, వరసలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఏం చేయాలి?

ఇంగ్లీషు పెద్దక్షరాలకి వాడే వరసల దూరం తెలుగుకి చాలదు. పై వరసలోని వత్తు కిందికి దిగుతుంది, కింది వరసలోని గుడి పైకి లేస్తుంది, రెండూ ఒకేచోట ఎదురుపడితే చిక్కుకుపోతాయి. అక్షర పరిమాణానికి 1.4 నుంచి 1.6 రెట్లు వరస దూరం ఇచ్చి మొదలుపెట్టండి. రెండే వరసలుంటే వత్తులు ఎక్కడ పడుతున్నాయో చూసి చేత్తో సర్దడం మేలు. అక్షరాల మధ్య దూరం సాగదీసే అమరిక వాడకండి, "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటల్లో వత్తు తన అక్షరం కిందనుంచి జరిగిపోయే ప్రమాదం ఉంది.

వత్తులు విడిపోయి పొల్లు అక్షరాలుగా కనిపిస్తుంటే తప్పు ఫాంట్‌ది కాకపోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల అమరిక ఎంపిక ఆపి ఉందేమో చూడండి. అంతా సరిగ్గా వచ్చాక అక్షరాల్ని అవుట్‌లైన్‌గా (ఫాంట్ అవసరం లేని ఒట్టి ఆకారాలుగా) మార్చి, అప్పుడే ప్రెస్‌కి పంపండి. మార్చాక మరోసారి అక్షరం అక్షరం చదవాలి.

## రంగులు

స్క్రీన్ మీద మెరిసిపోతున్న కవర్ రంగు పోస్టర్‌లో చప్పబడింది. ఎందుకు?

యాప్‌ల కోసం చేసిన కవర్ ఆర్‌జీబీలో, అంటే వెలుతురు రంగుల్లో ఉంటుంది. ప్రెస్ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలతో, సీఎంవైకేలో అచ్చు వేస్తుంది. నియాన్ ఆకుపచ్చ, మెరిసే గులాబి, గాఢమైన విద్యుత్ నీలం ఆ నాలుగు సిరాల కలయికలో దొరకవు. మార్పిడి సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే నీలం ఊదాకి తిరుగుతుంది, ఆకుపచ్చ మట్టిరంగులోకి పోతుంది.

కవర్‌కి ప్రాణం ఆ రంగే అయితే దానికి విడిగా ఐదో సిరా, అంటే స్పాట్ కలర్ వేయించండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో అయితే ఇది ఇంకా తేలిక, ప్రతి రంగూ విడి సిరానే. అది కుదరకపోతే పక్కనున్న రంగుల్ని తగ్గించండి. చుట్టూ ముదురు, బూడిద ఛాయలు ఉంటే మామూలు గులాబి కూడా వెలుగుతుంది. ఒక్కొక్క రంగునీ కవర్‌తో సరిపోల్చడం కంటే రంగుల మధ్య తేడాని నిలబెట్టడం ముఖ్యం.

నల్ల కవర్‌కి పోస్టర్ వేయిస్తే నలుపు బూడిదగా వచ్చింది.

నల్ల సిరా ఒక్కటే 100 శాతం వేస్తే పెద్ద జాగాలో, ముఖ్యంగా పూత లేని కాగితం మీద, అది ముదురు బూడిదగానే కనిపిస్తుంది. పెద్ద నలుపు భాగాలకి సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 లాంటి కలయిక వాడతారు. మొత్తం 240 శాతం అవుతుంది. పూత కాగితానికి చాలా ప్రెస్‌లు పెట్టే హద్దు 300 శాతం. ఆ హద్దు దాటితే సిరా ఆరక పై కాగితం వెనక అంటుకుంటుంది. మీ ప్రెస్ వాళ్లకి సొంత కలయిక ఉంటే అదే వాడండి.

ఈ కలయిక చిన్న అక్షరాలకి పనికిరాదు, వాటికి నల్ల సిరా ఒక్కటే వేయాలి. నాలుగు సిరాల నలుపులో తెల్లగా వదిలే అక్షరాలు సన్నగా ఉంటే, ఒక్కో సిరాకి వాడే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అంచున రంగు తొంగిచూస్తుంది. అలాంటివి 8 పాయింట్లకి తగ్గకుండా, లావు అక్షరాల్లో పెట్టండి.

ఒకే సిరా నంబర్ ఇచ్చినా కవర్, పోస్టర్ పక్కపక్కన పెడితే రంగు వేరుగా ఉంది.

కాగితం వేరు కాబట్టి. పూత ఉన్న నిగనిగల కవర్ మీద సిరా పైనే నిలిచి మెరుస్తుంది, పూత లేని పోస్టర్ కాగితం సిరాని పీల్చేసుకుంటుంది. సిరా రంగులకి ఇచ్చే పాంటోన్ నంబర్ల చివర సి (పూత ఉన్న కాగితం), యు (పూత లేనిది) అనే అక్షరాలు ఈ తేడా చెప్పడానికే ఉన్నాయి. పోస్టర్‌కి యు రంగుల నమూనా పుస్తకం తెరిచి, అచ్చైన కవర్‌ని పక్కన పెట్టుకుని పగటి వెలుతురులో కంటితో ఎంచండి. నంబర్ మారినా ఫర్వాలేదు.

కవర్ మీద ఉబ్బెత్తు అచ్చు, బంగారు రేకు ఉన్నాయి. పోస్టర్‌లో అవి ఎలా చూపాలి?

ఫొటో తీసి పెట్టకండి. రేకు ఫొటో అచ్చులో గోధుమరంగు మరకలా వస్తుంది. రేకు ఉన్నచోట లోహపు సిరా వేయించవచ్చు, లేదా ఆ ఆకారాన్ని చదునైన ఒకే రంగులో గట్టిగా నిలబెట్టవచ్చు. ఉబ్బెత్తుకి బదులు మాట్ కాగితం మీద ఆ అక్షరాలకి మాత్రం నిగనిగల వార్నిష్ వేయిస్తే పక్కనుంచి వెలుతురు పడినప్పుడు తేలతాయి.

## ఫైల్, ప్రెస్

నా దగ్గర 3000×3000 పిక్సెళ్ల కవర్ ఒక్కటే ఉంది. ఎంత పెద్ద పోస్టర్ వేయొచ్చు?

అంగుళానికి 300 పిక్సెళ్లు పెడితే 10 అంగుళాలే వస్తుంది. పోస్టర్‌కి అంత అవసరం లేదు, గోడ దూరానికి 150 చాలు. ఆ లెక్కన 20 అంగుళాల వెడల్పు వరకు వెళ్లొచ్చు. ఏ3లో వెడల్పంతా పరిస్తే అంగుళానికి 257, ఏ2లో 181, 24 అంగుళాల్లో 125 పడతాయి. మెత్తటి ఫొటోకి 125 కూడా నడుస్తుంది. సన్న గీతల బొమ్మకీ కవర్‌లోనే కలిసిపోయిన అక్షరాలకీ నడవదు, అంచులు మసకగా ఉంటాయి.

జేపెగ్‌తో ఇంకో తంటా ఉంది. అది తరచూ వెలుతురు వివరాన్ని పూర్తిగా దాచి రంగు వివరాన్ని తగ్గించి దాస్తుంది. అందుకే నల్ల నేపథ్యం మీది ఎర్ర అక్షరాల అంచులు పెద్దది చేసినప్పుడు చెదిరిపోతాయి. ఆ అక్షరాలు ఒక్కటి వెక్టర్‌లో మళ్లీ గీసుకుని పైన కప్పేస్తే పోస్టర్ సగం బాగుపడుతుంది.

ఏఐ పనిముట్టుతో పెద్దది చేస్తే?

ఆకు, రాయి, మేఘం బాగానే వస్తాయి. ముఖాలు మైనం పూసినట్టవుతాయి, చిన్న అక్షరాలు ఏ లిపికీ చెందని గీతలుగా మారతాయి. గ్రెయిన్‌ని మురికి అనుకుని తుడిచేస్తుంది, దాంతో కవర్‌కున్న పోలిక పోతుంది. రెండు రెట్లు దాటకండి, ముఖాల్ని 100 శాతం సైజులో చూసి తీరండి.

బొమ్మ బాగా చిన్నదైతే ఆ లోపాన్నే శైలిగా మలచడం మంచి ఉపాయం. ఫొటోని రెండు రంగులకి కుదించి పెద్ద పెద్ద చుక్కల హాఫ్‌టోన్‌గా మారిస్తే 1000 పిక్సెళ్ల ఫొటో కూడా నిండు పోస్టర్‌గా నిలుస్తుంది.

బ్లీడ్ ఎంత వదలాలి?

బ్లీడ్ అంటే కత్తిరింపు గీత దాటి అదనంగా పరిచే బొమ్మ. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు. ఏ2 అయితే ఫైల్ 426×600 మిల్లీమీటర్లు అవుతుంది. అక్షరాలు కత్తిరింపు గీతకి కనీసం 10 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. కవర్‌లో అంచు వెంబడి సన్న గీత చట్రంలా ఉంటే పోస్టర్‌లో దాన్ని తీసేయండి, లేదా బాగా లోపలికి జరపండి. కత్తి ఒక మిల్లీమీటరు పక్కకి పోయినా ఆ గీత ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా కనిపిస్తుంది.

మొత్తం అచ్చు వేయించే ముందు ఏం చూసుకోవాలి?

మొత్తం పోస్టర్ ప్రూఫ్ (నమూనా అచ్చు) ఖర్చనుకుంటే, అసలు సైజులో ఏ4 అంత ముక్కలు రెండు తీయించండి: ఒకటి ముఖం లేదా ముఖ్యమైన బొమ్మ ఉన్న చోట, రెండోది చిన్న అక్షరాలు, ముదురు రంగు కలిసే చోట. అసలు కాగితం మీదే తీయించాలి. వాటిని అచ్చైన కవర్ పక్కన పెట్టి చూడండి.

## కవర్ లోపల మడిచి పెట్టే పోస్టర్

ఎల్‌పీ లోపల పెట్టే పోస్టర్ ఏ సైజులో ఉండాలి?

మడిచాక 12 అంగుళాల చదరం దాటకూడదు. అందుకే 12×24, 24×24, 24×36 సైజులు వాడుకలో ఉన్నాయి: ఒక మడత, రెండు మడతలు, మూడు మడతలు. మడతల మందం కలుస్తుంది కాబట్టి అచ్చం 24కి బదులు పావు అంగుళం తగ్గించుకోండి. లేకపోతే మూలలు నలిగి కవర్ అంచు చీలుతుంది.

మడత సరిగ్గా గాయకుడి ముఖం మీద పడింది. ముందే తెలుసుకోవడం ఎలా?

24×24 పోస్టర్‌ని నాలుగుగా మడిస్తే రెండు గీతలూ నడిమధ్యన కలుస్తాయి. చదరపు కవర్‌లో ముఖం ఉండేది చాలాసార్లు అక్కడే, కాబట్టి గీతల కూడలి ముక్కు మీద పడుతుంది. పదిసార్లు తెరిచి మూసేసరికి ఆ కూడలిలో కాగితం చిల్లు పడుతుంది. 24×36లో మడతలు వెడల్పులో సగం దగ్గర ఒకటి, ఎత్తులో 12, 24 అంగుళాల దగ్గర రెండు. కళ్లు, నోరు, చిన్న అక్షరాలు ఈ గీతలకి కనీసం 15 మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా బొమ్మని జరపండి. ఫైల్‌లో మడతలకి గైడ్ గీతలు మొదటే వేసుకుంటే మర్చిపోరు.

మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత కనిపిస్తోంది.

కాగితం లావైంది. గోడకి విడిగా అమ్మే పోస్టర్‌కి 170 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) బాగుంటుంది. మడిచేదానికి 115 నుంచి 135 చాలు. ముదురు రంగు మడత మీదుగా వెళ్తుంటే మడతకి ముందు గాడి నొక్కించాలి, అదీ కాగితం నార వెళ్లే దిశ చూసుకుని.

లోపలి పోస్టర్ మీద కవర్ బొమ్మే మళ్లీ వేయడం వృథా కదా?

వృథానే అని మా అభిప్రాయం. కవర్ కొన్నవాళ్ల దగ్గర ఆ బొమ్మ అప్పటికే ఉంది. లోపలి పోస్టర్ దానికి తర్వాతి మాట చెప్పాలి. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 ఆల్బమ్ ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ చూడండి. నల్ల కవర్ మీద ముక్కోణపు పట్టకం, దానిలోంచి విడిపోయే రంగులు. కవర్ రూపొందించింది హిప్నోసిస్ సంస్థ, గీసింది జార్జ్ హార్డీ. లోపల రెండు పోస్టర్లు పెట్టారు: ఒకదాని మీద బృందం వేదిక ఫొటోలు, రెండోదాని మీద ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద తీసిన గీజా పిరమిడ్లు. పిరమిడ్ కూడా ముక్కోణమే. కవర్‌లో గీతగా ఉన్న ఆకారం పోస్టర్‌లో రాతి కట్టడంగా, రాత్రి దృశ్యంగా మళ్లీ వచ్చింది. పట్టకాన్నే మళ్లీ అచ్చు వేసి ఉంటే ఈ గొలుసు ఉండేది కాదు.

సీడీ బుక్‌లెట్‌నే విప్పితే పోస్టర్ అయ్యేలా చేయొచ్చా?

చేయొచ్చు. 120 మిల్లీమీటర్ల గళ్లు ఆరు కలిపితే 360×240, ఎనిమిది కలిపితే 480×240. కవర్ బొమ్మ ఆ కాగితం వెనకవైపు ఒక గడిలో వస్తుంది. జాగ్రత్త ఒక్కటే: అడ్డంగా మడిచినప్పుడు పై వరస గళ్లు తలకిందులవుతాయి. తెల్ల కాగితం మడిచి, ప్రతి గడి మీదా బాణం గీసి, విప్పి చూసి ఫైల్ పెట్టుకోండి.

## స్క్రీన్ పోస్టర్లు, హక్కులు

ఫోన్లకి వేసే పోస్టర్లకి కవర్‌ని ఎలా మార్చాలి?

నిలువు స్టోరీ 1080×1920 పిక్సెళ్లు. చదరపు కవర్‌ని మధ్యలో పెడితే పైనా కిందా 420 చొప్పున మిగులుతాయి. అందులో బయటి 250 వరకు యాప్ బటన్లు కప్పేస్తాయి కాబట్టి అక్షరాలకి దొరికేది సన్నటి పట్టీ. కవర్‌ని కొంచెం పైకి జరిపి తేదీని కింద ఒకేచోట పెట్టండి. మిగిలిన చోట కవర్‌నే మసకచేసి పరిచే అలవాటు చాలామందికి ఉంది, ఏ రంగూ గట్టిగా నిలవక అంతా ఒకటే బురదగా కనిపిస్తుంది. కవర్‌లోని ఒక్క రంగు చదునుగా పరిస్తే కవర్ బాగా తేలుతుంది.

పోస్టర్ బాగా వచ్చింది, దాన్నే స్ట్రీమింగ్ కవర్‌గా పెట్టొచ్చా?

తేదీ, వెబ్ చిరునామా, "విడుదలైంది" లాంటి ప్రచారపు మాటలు ఉన్న కవర్లని స్ట్రీమింగ్ సేవలు తిప్పి పంపుతాయి. అవన్నీ తీసేసి చదరంగా కూర్చితేనే కుదురుతుంది.

విడుదలకి ముందు ఊరించే పోస్టర్‌లో కవర్ ఎంత చూపాలి?

ఆనవాలు మాత్రం చూపండి, కథ దాచండి. కవర్‌లో పసుపు గొడుగు పట్టుకున్న పిల్ల ఉంటే మొదటి పోస్టర్‌లో గొడుగు అంచు, నిండుగా పసుపు. కవర్ బయటికి వచ్చిన రోజు జనం "ఆ గొడుగు ఇదా" అనుకోవాలి. అందుకు పసుపు రంగు రెండుచోట్లా ఒక్కటే అయి ఉండాలి.

కవర్‌కి డబ్బిచ్చి తీసుకున్న ఫొటోని పోస్టర్‌కి వాడుకోవచ్చు కదా?

ఒప్పందంలో ఏం రాసి ఉందో దాన్నిబట్టి. కవర్ వరకే ఇచ్చిన అనుమతి ప్రచార పోస్టర్‌కి వర్తించకపోవచ్చు, అమ్మే పోస్టర్‌కి ఇంకా అనుమానం. ఫొటోగ్రాఫర్, బొమ్మ గీసినవారు, ఫొటోలో ఉన్న మనిషి, ఫాంట్ యజమాని, నలుగురి అనుమతులూ విడివిడిగా చూసుకోవాలి. రాతలో "కవర్, ప్రచార పోస్టర్, అమ్మకపు పోస్టర్, స్క్రీన్ వాడకం" అని నాలుగూ పేర్లతో ఉండాలి. బొమ్మని కత్తిరించడానికీ పొడిగించడానికీ కూడా గీసినవారి ఒప్పుకోలు అడగండి, మార్చిన పోస్టర్‌ని అచ్చుకి ముందే వాళ్లకి చూపించండి.